ఇంటి ఫోటోలు, పెండ్లి వీడియోలు, పాటలు: ఫైళ్లకు పేర్లు పెట్టే పద్ధతి

ఫోటో ఎప్పుడు తీశారో మిషన్‌కు తెలుసు. ఎవరిది, ఎక్కడిది, ఏ సందర్భం అన్నది ఇంట్లోవాళ్లకే తెలుసు. ఫైళ్లు సర్దే పనిని ఈ గీత మీదే రెండుగా విడగొట్టుకోవాలి. తేదీ, గంట, నిమిషం కంప్యూటర్‌తో రాయించాలి, మనుషుల పేర్లు, ఊరు, పండుగ చేత్తో రాయాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. తేదీలు ఒక్కొక్కటి టైప్ చేస్తూ కూర్చుని రెండో రోజుకే విసుగొచ్చి వదిలేస్తారు, ముసలివాళ్లను అడగాల్సిన పేర్లు మాత్రం ఎవరూ అడగరు.

ఒక మాట ముందే. ఫైల్ పేర్లు నిజంగా పెట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయండి. ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాం. ఎందుకు ఇంగ్లీషంటే, కారు స్టీరియోలు, పాత టీవీలు తెలుగు పేర్లను డబ్బాలుగా చూపిస్తాయి. ఇంకో చిక్కు పొడవుతో వస్తుంది. లినక్స్ డిస్కుల మీద, చాలా నాస్ పెట్టెల (ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే డిస్క్ పెట్టెల) మీద ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు, అంటే 85 గుర్తులతో సరి. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరమే, కంప్యూటర్ లెక్కలో ఆరు గుర్తులు, 18 బైట్లు. పైగా తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాత కనపడని గుర్తు ఒకటి చొరబడుతుంటుంది. అప్పుడు రెండు పేర్లు చూడ్డానికి ఒకటే, వెతికితే మాత్రం ఒకటే దొరుకుతుంది. తెలుగు రాయాలనుకుంటే ఫోల్డర్‌లో ఒక నోట్‌ప్యాడ్ ఫైల్ పెట్టి అందులో ఎంతైనా రాసుకోండి.

ముందు కాపీ, తర్వాతే పేర్లు

ఫోన్లు, మెమరీ కార్డులు, పెన్‌డ్రైవ్‌లు, పాత ల్యాప్‌టాప్ ఎన్ని ఉంటే అన్నింటినీ ఒకే డిస్క్ మీదికి తెండి. కట్ చేసి పేస్ట్ చేయొద్దు, కాపీ చేయండి. మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ కదిలినా కట్ చేసిన ఫైల్ రెండు చోట్లా లేకుండా పోవచ్చు. కాపీ అయ్యాక రెండు ఫోల్డర్లమీదా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, బైట్ల సంఖ్య పోల్చండి. 'సైజ్' అన్న వరుస చూడాలి, 'సైజ్ ఆన్ డిస్క్' కాదు. అది ఒక్కో డిస్క్‌కు ఒక్కోలా ఉంటుంది.

ఎంత డిస్క్ కావాలి? ఫోన్ ఫోటో సుమారు 3 నుంచి 5 ఎంబీ. మామూలు ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి 120 ఎంబీ దాకా తింటుంది, గంటకు 7 జీబీ అనుకోండి. 1 టీబీ డిస్క్ కంప్యూటర్‌లో 931 జీబీగా కనిపిస్తే దుకాణం వాళ్లు మోసం చేసినట్టు కాదు. కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, విండోస్ 1024తో లెక్కపెడుతుంది. ఒకటి కాదు, రెండు డిస్కులు కొనండి. రెండోది ఎందుకో చివర చెప్తాం.

పని డిస్క్ మీద నాలుగు ఫోల్డర్లు చాలు: 00-వచ్చినవి, 01-ఇల్లు, 02-పాటలు, 03-సినిమాలు. ముందున్న అంకెలు వరుస చెదరకుండా ఉంచుతాయి. ఏది వచ్చినా ముందు 00లోనే పడాలి, పేరు పెట్టాకే అక్కడినుంచి కదలాలి. 01-ఇల్లు లోపల సంవత్సరాలు, సంవత్సరం లోపల సందర్భాలు. అంతకంటే లోతు పెంచొద్దు. విండోస్‌లో చాలా ప్రోగ్రాములకు ఫోల్డర్ల దారంతా కలిపి 260 అక్షరాలు దాటితే ఫైల్ తెరుచుకోదు, కాపీ మధ్యలో ఆగుతుంది.

పేర్లు మార్చకముందే డూప్లికేట్లు ఏరేయండి. చ్కావ్కా (Czkawka), డూప్‌గురు (dupeGuru) అనే ఉచిత ప్రోగ్రాములు ఫైల్ లోపలి డేటాను పోల్చి ఒకేలా ఉన్నవాటిని పట్టిస్తాయి. కానీ వాట్సాప్‌లో తిరిగొచ్చిన ఫోటో అసలు ఫోటోకు డూప్లికేట్ కాదు, దాని కుదించిన రూపం. దాన్ని పట్టడానికి 'పోలిక ఉన్న ఫోటోలు' అనే విభాగం వాడాలి, దొరికిన జంటలో పెద్ద సైజుది ఉంచి చిన్నది తీసేయాలి. చుట్టాలనుంచి ఫోటోలు తెప్పించుకునేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. అలా పంపితే సైజు తగ్గదు, లోపలి తేదీ కూడా పోదు.

తేదీ ఎక్కడినుంచి తీసుకోవాలి

ఒక్కో ఫోటోకు మూడు నాలుగు తేదీలు ఉంటాయి. నమ్మాల్సింది ఒక్కటే, ఫోటో లోపల కెమెరా రాసిన తేదీ. దాన్ని ఎక్సిఫ్ తేదీ అంటారు, విండోస్‌లో 'డేట్ టేకెన్'గా కనిపిస్తుంది. అది లేకపోతే ఫైల్ పేరులోని తేదీ చూడండి. 'డేట్ క్రియేటెడ్' చాలాసార్లు ఆ ఫైల్ ఈ డిస్క్ మీదికి వచ్చిన రోజే, దాన్ని పట్టించుకోవద్దు.

వాట్సాప్ ఫైల్ పేరులో ఎనిమిది అంకెల తేదీ, తర్వాత డబ్ల్యూఏ, ఒక నంబరు ఉంటాయి. ఆ తేదీ ఫోటో తీసినది కాదు, ఆ ఫోన్‌కు చేరినది. సద్దుల బతుకమ్మ ఫోటో దీపావళినాడు ఎవరో పంపితే దానిమీద దీపావళి తేదీ ఉంటుంది. ఇలాంటివాటిని సందర్భం ఫోల్డర్‌లో వేసి, పేరులో గంట రాయకుండా ఆ సందర్భం జరిగిన రోజు మాత్రమే రాయండి.

వీడియోలతో ఇంకో పేచీ ఉంది. చాలా ఫోన్లు ఎంపీ4 వీడియో లోపల సమయాన్ని గ్రీనిచ్ లెక్కలో రాస్తాయి, మనకంటే ఐదున్నర గంటలు వెనక. లగ్గం తెల్లవారుజామున 4:12కు అయితే వీడియో లోపల ముందురోజు రాత్రి 22:42 ఉంటుంది. ఫోటోలేమో సరైన తేదీతో, వీడియోలు ముందురోజు తేదీతో రెండు ముక్కలవుతాయి. అన్ని కెమెరాలూ ఇలా చేయవు, కొన్ని మన సమయమే రాస్తాయి. అందుకే ఒక్కో పరికరంనుంచి, ఏ సమయంలో తీశారో మీకు గట్టిగా తెలిసిన ఒక్క వీడియో తెరిచి చూడండి. తేడా సరిగ్గా 5:30 ఉంటే ఆ పరికరం వీడియోలన్నింటికీ 5:30 కలపాలి.

కెమెరా గడియారమే తప్పు ఉంటే? బ్యాటరీ చాలాకాలం తీసి ఉంచితే గడియారం ఏదో పాత సంవత్సరం జనవరి 1కి పోతుంది. పెండ్లిలో ఇద్దరు ఫోటోగ్రాఫర్లుంటే ఇద్దరి గడియారాలు పది నిమిషాలు అటూ ఇటూ ఉండడం మామూలే. రెండు కెమెరాల్లోనూ పడిన ఒక్క క్షణం వెతకండి. తాళి కట్టడం కంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మంచిది. తాళి మూడు ముళ్లూ పడేసరికి చాలా ఫోటోలు పడతాయి, ఏది ఏదో తేల్చడం కష్టం. ఆ రెండు ఫోటోల సమయాల తేడా రాసుకుని, ఒక కెమెరా ఫోటోలన్నింటినీ డిజికామ్ అనే ప్రోగ్రాంలోని టైమ్ అడ్జస్ట్‌తోగాని ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రాంతోగాని అంత జరపండి. అప్పుడు రెండు కెమెరాల ఫోటోలూ జడ అల్లినట్టు వరుసలో కలుస్తాయి.

పేరు ఇలా ఉండాలి

2024-10-10_193045_సద్దుల-బతుకమ్మ_నకిరేకల్

సంవత్సరం ముందు, నెల, రోజు, తర్వాత గంట నిమిషం సెకను, సందర్భం, ఊరు. రోజు ముందు పెట్టే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. 10-10-2024 అని రాస్తే అన్ని సంవత్సరాల పదో తారీకులూ ఒకచోట గుంపు కడతాయి. పదాల మధ్య ఖాళీకి బదులు అడ్డగీత, భాగాల మధ్య కిందిగీత. విండోస్ ఒప్పుకోని గుర్తులు తొమ్మిది: \ / : * ? " < > | . లినక్స్ వీటిలో చాలావాటిని ఒప్పుకుంటుంది, అందుకే అక్కడ పెట్టిన పేరు ఇక్కడ తెరుచుకోక ఇబ్బంది పెడుతుంది. గంటల మధ్య కోలన్ పెట్టకపోవడానికి కారణం ఇదే.

పండుగ పేరు ఒక్కటే రాస్తే తేదీ తెలియదు. బతుకమ్మ తిథి ప్రకారం వస్తుంది. 2024లో ఎంగిలిపూలు అక్టోబర్ 2న, సద్దులు అక్టోబర్ 10న వచ్చాయి. అంతకుముందు సంవత్సరం అవే అక్టోబర్ 14, 22. చెర్వుగట్టు, కురుమూర్తి జాతరలూ ఇంతే. పెద్దగట్టు రెండేళ్లకోసారి. 'జాతర' అని ఒకే ఫోల్డర్ చేసి పదేళ్ల ఫోటోలు కుమ్మరిస్తే విడదీయడం నరకం. అర్ధరాత్రి దాటే సందర్భాలకు ఫోల్డర్‌మీద మొదలైన రోజు తేదీ ఉంచండి, లోపలి ఫైళ్లకు వాటి సొంత తేదీ. బతుకమ్మ సాగనంపి ఇంటికొచ్చేసరికి తెల్లారి తేదీ పడితే పడనీయండి, వరుస చెడదు.

ఊరు రాయండి, జిల్లా రాయొద్దు. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, పాత నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. 2019లో నారాయణపేట విడిపోయింది. నల్లమలలోని సలేశ్వరం అక్కడే ఉంది, ఫోల్డర్లో జిల్లా పేరే మారింది. కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లు ప్రతి దిక్కూ ఉంటాయి కాబట్టి ఊరికి మండలం జోడించండి.

వరసలు రాయొద్దు. ఇది ప్రతి ఇంట్లో జరిగే తప్పు. 'అత్తమ్మ-షష్టిపూర్తి' అని మీరు రాస్తే ఆమె మీ బామ్మర్దికి అమ్మ, మీ పిల్లలకు అమ్మమ్మ. డిస్క్ వాళ్ల చేతికి వెళ్లినరోజు ఆ పేరు ఎవరినీ చూపించదు. అసలు పేరు, ఇంటిపేరు రాయండి. తాత పేరు మనవడికి పెట్టిన ఇళ్లలో రెండూ ఒకటే అవుతాయి, పేరు పక్కన పుట్టిన సంవత్సరం చేర్చండి. ఆడబిడ్డలకు పుట్టింటి ఇంటిపేరా అత్తింటిదా అన్నది ముందే తేల్చుకుని అందరికీ ఒకేలా రాయండి. మా సలహా పుట్టింటిది. పెండ్లికి ముందరి ఫోటోలకూ అదే సరిపోతుంది.

ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక్కటే ఉండాలి. బతుకమ్మలో టీ పక్కన హెచ్ ఉందా లేదా, లక్ష్మికి ఎక్సా కేఎస్‌హెచ్చా, మహబూబ్‌నగర్ అనాలా పాలమూరు అనాలా, అన్నీ ఒక నోట్‌ప్యాడ్ ఫైల్‌లో రాసి డిస్క్ మొదట్లోనే పెట్టండి. ఎవరు పేరు పెట్టినా ఆ జాబితా చూసే పెట్టాలి.

వందలకొద్దీ ఒకేసారి మార్చడం

విండోస్‌లో మొదట ఎక్స్‌ప్లోరర్ తెరిచి, వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టండి. పేరు చివరి చుక్క తర్వాతి భాగం కనపడకుండా పనిచేస్తే ఎప్పుడో ఒకప్పుడు దాన్ని చెరిపేస్తారు, ఫైల్ తెరుచుకోదు. అన్నీ సెలెక్ట్ చేసి ఎఫ్2 కొట్టే పద్ధతి వద్దు. అది బ్రాకెట్లో నంబర్లు వేస్తుంది, క్లిక్ చేసిన ఫైల్‌ను ఒకటో నంబరు చేసి వరుస చెడగొడుతుంది.

రెండు విడతలుగా చేయండి. మొదటి విడత అడ్వాన్స్‌డ్ రీనేమర్ అనే ప్రోగ్రాంతో. ఫోటోలు చేర్చి, న్యూ నేమ్ పద్ధతి ఎంచుకుని, ఎక్సిఫ్ తేదీ ట్యాగులతో సంవత్సరం-నెల-రోజు_గంటనిమిషంసెకను రూపం ఇవ్వండి. ఒకే సెకనులో రెండు ఫోటోలు పడితే పేర్లు ఢీకొంటాయి. పేర్లు ఢీకొంటే ఏం చేయాలో అడిగే సెట్టింగులో, చివర నంబరు చేర్చమని చెప్పాలి. తేదీ లేని ఫోటోలకు పేరు సరిగ్గా రాదు, వాటిని ముందే పక్కకు తీయండి.

రెండో విడత మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లోని పవర్‌రీనేమ్‌తో. ఒక సందర్భం ఫోటోలన్నీ ఎంచుకుని రైట్ క్లిక్, పవర్‌రీనేమ్. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ ఆన్ చేయండి. 'అప్లై టు' దగ్గర ఫైల్ నేమ్ ఓన్లీ పెట్టండి. వెతకాల్సిన చోట (.+) అని, మార్చాల్సిన చోట $1_సద్దుల-బతుకమ్మ_నకిరేకల్ అని రాస్తే తేదీ చెడకుండా వెనక సందర్భం చేరుతుంది. కుడివైపు ప్రివ్యూలో మొదటి ఐదు, చివరి ఐదు పేర్లు చదివాకే అప్లై నొక్కండి. పవర్‌రీనేమ్‌లోనూ తేదీ చేర్చే వీలుంది, కానీ అది మామూలుగా తీసుకునేది ఫైల్ క్రియేషన్ తేదీ. అంటే నిన్న కాపీ చేసిన 2011 ఫోటోలన్నింటికీ నిన్నటి తేదీ పడుతుంది.

మొదటిసారి పది ఫైళ్ల కాపీ మీద ప్రయత్నించండి. తప్పు పోతే ఎక్స్‌ప్లోరర్లో కంట్రోల్ + జెడ్ వెంటనే పనిచేస్తుంది. అడ్వాన్స్‌డ్ రీనేమర్ పాత విడతలను కూడా వెనక్కి తిప్పగలదు.

జంట ఫైళ్లతో జాగ్రత్త. ఐఫోన్ లైవ్ ఫోటోలో ఒక హెచ్ఈఐసీ (ఫోటో), ఒక ఎంఓవీ (చిన్న వీడియో) ఒకే పేరుతో ఉంటాయి. ఫోటోగ్రాఫర్ ఇచ్చిన రా ఫైల్ (కెమెరా మార్చకుండా రాసిన అసలు ఫైల్), జేపీజీ కూడా అంతే, సినిమా పక్కన సబ్‌టైటిల్ ఫైల్ అంతే. ఒకటి మార్చి ఒకటి వదిలితే బంధం తెగుతుంది. ఫోటోలు సరిదిద్దే లైట్‌రూమ్ ప్రోగ్రాం వాడేవాళ్లు అందులోంచే పేరు మార్చాలి, బయటినుంచి మారిస్తే అది ఫైల్ పోయిందనుకుంటుంది.

పెండ్లి డీవీడీలు, కెమెరా కార్డులు

డీవీడీలో వీడియో_టీఎస్ అనే ఫోల్డర్, దాంట్లో వీఓబీ ఫైళ్లు ఉంటాయి. ఒక్కోటి 1 జీబీకి మించదు, ఒకే వీడియోను అలా ముక్కలు చేస్తారు. సున్నాతో ముగిసేది మెనూ. ఈ వీఓబీల పేర్లు మారిస్తే డీవీడీగా ఇక ఆడదు. ఫోల్డర్‌కు మాత్రమే పేరు పెట్టండి. లేదా మేక్‌ఎంకేవీ అనే ప్రోగ్రాంతో ముక్కలన్నీ కలిపి ఒక్క ఎంకేవీ వీడియో ఫైల్ చేయండి. క్వాలిటీ తగ్గదు, ఎందుకంటే అది వీడియోను మళ్లీ కుదించదు, పెట్టె మారుస్తుందంతే. మన డీవీడీలు 720×576 పిక్సెళ్లు, సెకనుకు 25 ఫ్రేములు. వాటిని 'హెచ్‌డీ'కి పెంచి ఇస్తామనే మాటలు నమ్మి అసలుది పారేయొద్దు. డిస్క్ చదవకపోతే మెత్తని బట్టతో మధ్యలోంచి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా తుడవొద్దు. పదిహేనేళ్లు దాటిన ఇంటి డీవీడీలు ఉంటే ఈ వ్యాసంలోని మిగతా పనులన్నీ ఆపి ముందు వాటినే ఎక్కించండి.

హ్యాండీక్యామ్ కార్డుల్లో స్ట్రీమ్ అనే ఫోల్డర్ దాకా వెళ్తే 00000, 00001 అని ఎంటీఎస్ ఫైళ్లుంటాయి. ప్రతి కార్డులోనూ మళ్లీ 00000 నుంచే మొదలు. రెండు కార్డులు ఒకే ఫోల్డర్‌లో పోస్తే ఒకటి ఇంకోదాన్ని తుడిచేస్తుంది. కార్డుకో ఫోల్డర్ చేయండి. గోప్రోలో ఇంకో తిరకాసు, పేరులో ముందు భాగం సంఖ్య, తర్వాత వీడియో నంబరు వస్తాయి. పేరుతో వరుస పెడితే అన్ని వీడియోల మొదటి భాగాలు ముందు, రెండో భాగాలు తర్వాత వస్తాయి. చివరి నాలుగంకెలు ఒకటే ఉన్నవి ఒక వీడియో అని గుర్తుపట్టి, భాగం-01, భాగం-02 అని పెట్టండి. రాత్రంతా సాగిన ఒగ్గుకథ రికార్డింగులకూ ఇదే పద్ధతి.

పాటలు

పాటల విషయంలో ఫైల్ పేరు కంటే లోపలి ట్యాగులు (ఫైల్ లోపల రాసి ఉండే పాట పేరు, గాయకుడు, ఆల్బమ్ వివరాలు) ముఖ్యం. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రాం చాలు. సినిమా పాటలతో వచ్చే పెద్ద చిక్కు, ఒక్కో పాటకు ఒక్కో గాయకుడు. దానివల్ల ఒకే సినిమా ఐదు ఆల్బమ్‌లుగా ముక్కలవుతుంది. ఆ పాటలన్నీ ఎంచుకుని 'ఆల్బమ్ ఆర్టిస్ట్' గడిలో సంగీత దర్శకుడి పేరు ఒకేలా రాసి కంట్రోల్ + ఎస్ కొట్టండి, ముక్కలు కలుస్తాయి. ట్రాక్ నంబర్లు 01, 02 అని రెండంకెల్లో ఉండాలి. తర్వాత ఆల్ట్ + 1 నొక్కి ట్యాగుల్లోంచే ఫైల్ పేర్లు రాయించుకోండి. తెలుగు ట్యాగులు డబ్బాలుగా కనిపిస్తే సెట్టింగుల్లో ఐడీ3వీ2.3, యూటీఎఫ్-16 ఎంచుకుని మళ్లీ సేవ్ చేయండి.

ఊళ్లో రికార్డు చేసిన బతుకమ్మ పాటలకు ఆల్బమ్ స్థానంలో ఊరు, సంవత్సరం, ఆర్టిస్ట్ స్థానంలో పాట ఎత్తుకున్నామె పేరు రాయండి. పాట పేరుగా 'ఉయ్యాలో' రాయొద్దు, సగం పాటలు అవే అవుతాయి. ఉయ్యాలో, చందమామ, కోల్ తీసేసి మొదటి చరణంలోని మాటలు రాయండి.

సినిమాలు, టీవీకి పెట్టడం

డిస్క్‌లోని వీడియోలను టీవీలో చూపించే ప్రోగ్రాములు జెల్లీఫిన్, ప్లెక్స్, కోడి మూడూ ఒకే తీరు అడుగుతాయి. సినిమాకో ఫోల్డర్, పేరు పక్కన బ్రాకెట్లో సంవత్సరం, లోపల అదే పేరుతో ఫైల్. సంవత్సరం లేకపోతే మన సినిమాలకు తిప్పలే. దేవదాసు 1953లో ఉంది, 1974లో ఉంది, 2006లో ఉంది. మాయాబజార్ 1957ది అడిగితే 2006 పోస్టర్ అంటుకుంటుంది. సీరియల్ అయితే సీజన్ 01 అనే ఫోల్డర్, ఫైల్ పేరులో ఎస్01ఈ01. ఇంటి వీడియోలను సినిమాల లైబ్రరీలో కలపొద్దు. జెల్లీఫిన్‌లో వాటికి 'హోమ్ వీడియోస్ అండ్ ఫోటోస్' రకం ఎంచుకోవాలి, లేదంటే అది ఇంటర్నెట్‌లో వెతికి మీ ఒడిబియ్యం వీడియోకు ఎవరిదో సినిమా పోస్టర్ తగిలిస్తుంది.

పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఖాళీ ఎంత ఉన్నా ఎక్కదు. మిగతా ఫార్మాట్లలో ఎక్స్‌ఫ్యాట్‌ను అన్ని టీవీలూ చదవవు, ఎన్‌టీఎఫ్ఎస్ చాలా టీవీలు చదువుతాయి. చాలా కారు స్టీరియోలు పాటలను పేరు వరుసలో కాక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిన వరుసలో పాడతాయి. పేర్లు ఎంత చక్కగా పెట్టినా వరుస తప్పిందంటే కారణం ఇదే. ఫార్మాట్ చేసి, ఫోల్డర్లను వరుసగా ఒక్కొక్కటి కాపీ చేయండి.

ఇక రెండో డిస్క్. పేర్లు మార్చకముందు తెచ్చిన మొత్తం సరుకు పాత పేర్లతోనే అందులో ఉంచండి, పని అంతా పూర్తయి టీవీలో తెరిచి చూసుకునేదాకా దాన్ని ముట్టొద్దు. రెండు డిస్కులను ఒకేలా ఉంచే సింక్ ప్రోగ్రాములు చాలావరకు పేరు మారిన ఫైల్‌ను పాతది పోయింది, కొత్తది వచ్చింది అనుకుని రెండో డిస్క్‌లోని పాతదాన్ని తుడిచేస్తాయి. తృప్తిగా ఉన్నాకే కొత్త పేర్లతో కాపీ చేసి, ఆ డిస్క్‌ను ఇంట్లో కాక అన్న ఇంట్లోనో చెల్లె ఇంట్లోనో పెట్టండి. ఆరు నెలలకోసారి తెచ్చి కరెంటు ఇచ్చి, నాలుగు ఫైళ్లు తెరిచి చూసి పంపించేయండి.